గృహారోగ్యము: ఒక్కరాత్రి కొలతయు, ఏడాది సగటును

నరసరావుపేట చేరువనున్న యొక పల్లెనుండి ఒక సోదరి గడచిన నెలలో మాకు నాలుగు పుటల జాబు వ్రాసినారు. వారి బంధువులలో నొకరు పట్టణమునుండి వచ్చుచు, అరచేతిలో నిముడు యంత్రము నొకదానిని దెచ్చి, పత్తి నిలువచేసిన గదిలో నేలమీద ఒక రాత్రి యుంచి, తెల్లవారుజామున అంకె చూచి, "ఈ యింట రేడాను హద్దు మీఱి యున్నది, ఇచ్చట మనుష్యులు పండుకొనరాదు" అని చెప్పిపోయిరట. ఆ గది గోడ కావలనే అత్తగారి మంచము. "ఆనాడే అత్తయ్యగారిని వసారాలోనికి మార్చితిమి. పుష్యమాసపు మంచుకు ఆమెకు దగ్గు పట్టుకొన్నది. మామగారు మమ్ములను కోప్పడుచున్నారు. ఆ అంకె నిజమా? నిజమైనచో ఇల్లు విడువవలసినదేనా?" అని వారి ప్రశ్న.

అంకె అబద్ధమని మేము చెప్పజాలము. అయినను సోదరి తెలిసికొనగోరిన సంగతికిని ఆ యంకెకును చాల దూరమున్నది. అది ఒక్క రాత్రి గాలి. తలుపులు మూసిన యొక్క గది గాలి. నేలకు జానెడెత్తున నున్న గాలి. అత్తగారి యూపిరితిత్తులకు కావలసిన లెక్క వేఱు. ఆమె ఏడాది పొడుగున ఏ యే చోట్ల నెంతసేపు ఊపిరి పీల్చుచున్నదో, ఆ గాలులన్నిటి సగటు కావలెను. ఈ సగటును సరిగా గట్టుట చూచుటకు సులభముగా నున్నను, పెద్ద పెద్ద పరిశోధకులనే తికమకపెట్టిన పని. ఈ నెల మా పుటలను దానికే వినియోగించుచున్నాము.

రేడానును గుఱించి ఇదివఱలో వినని సోదరీమణులకు రెండు మాటలు. మట్టియందును రాతియందును ఎచ్చటనైనను రవంత యురేనియము ఉండును. అది యుగములతరబడి క్షీణించుచు రేడియముగా మాఱును. రేడియము క్షీణించి రేడాను అను వాయువగును. 1900వ సంవత్సరమున జర్మను శాస్త్రజ్ఞుడు డోర్ను, రేడియమునుండి ఈ వాయువు వెలువడుటను గుర్తించెను. దీనికి రంగు లేదు, వాసన లేదు. నేలలోని పగుళ్లగుండ, గచ్చులోని సందులగుండ ఇంటిలోనికి వచ్చును. దాదాపు 3.8 దినములలో సగము నశించును. నశించునప్పుడు పుట్టు పొలోనియము మున్నగువానిని శాస్త్రజ్ఞులు రేడాను "కూతుళ్లు" అని పిలుతురు. తల్లి ఊపిరితో లోనికి వచ్చి చాలవఱకు ఊపిరితోనే బయటికి పోవును. కూతుళ్లు దుమ్ముకణముల నంటుకొని ఊపిరితిత్తులలో మకాము వేయుదురు. హానియంతయు వారివలననే. (ఇట్టి పనికి కొడుకుల పేరు పెట్టుటకు ఆ పండితులకు మనసొప్పలేదు కాబోలు.) ఏండ్లతరబడి అధికముగా పీల్చినచో ఊపిరితిత్తుల క్యాన్సరు కలుగు భయము హెచ్చును. చుట్ట, బీడీ, సిగరెట్టు త్రాగువారికి ఆ భయము మఱి యనేక రెట్లు. పొగాకు పండించు మన ఒంగోలు, గుంటూరు సీమలలో ఈ మాట ముందుగా మగవారికి చదివి వినిపింపదగినది.

ఒక ఘనమీటరు గాలిలో సెకనునకు ఎన్ని పరమాణువులు నశించునో అన్ని బెకెరెళ్లని లెక్క. ప్రపంచములోని యిండ్ల సగటు సుమారు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో 100 దాటకుండుట మంచిదనియు, ఆయా దేశముల పరిస్థితులనుబట్టి అది సాధ్యము కానిచోట 300 మించరాదనియు సూచించినది. కాని ఇచ్చట ఒక్క మాటను మఱువరాదు. ఆ హద్దు ఏడాది సగటునకు గాని ఒక్క రాత్రికి గాదు. మా సోదరి యింటికి వచ్చిన బంధువు మఱచినది దీనినే.

రేడాను పగలు రాత్రి ఒక్కతీరున నుండదు. రాత్రి తలుపులు మూసి, గాలి కదలక, నేలనుండి వచ్చినది వచ్చినట్లే లోపల నిలిచి, సాధారణముగా తెల్లవారుజామున పెద్ద యంకె కనబడును. ప్రొద్దెక్కి తలుపులు తెఱచి, ఎండకు గాలి పైకి లేచిన పిమ్మట, మధ్యాహ్నము దాటునప్పటికి తగ్గిపోవును. తెల్లవారుజామున చూచి భయపడుటయు, మధ్యాహ్నము చూచి ధైర్యపడుటయు రెండును ఒక్కతీరు తప్పులే. పన్నెండు గంటలప్పుడు నీడను కొలిచి మనిషి పొడవు ఇంతేయని చెప్పుట యెట్టిదో ఇదియు నట్టిదే.

దినములో మార్పు ఒక యెత్తు, ఋతువులలో మార్పు మఱియొక యెత్తు. ఇచ్చట మన సీమ సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. రేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. కాలు దిగబడునంతటి నెఱ్ఱెలను చూడనివారు మనలో నుండరు. నేలలోని వాయువు ఆ నెఱ్ఱెలగుండ ఆకాశమునకు పోవుటకు దారి దొరకును. తొలకరి వానలు పడి రేగడి ఉబ్బినప్పుడు ఆ నెఱ్ఱెలు పూడిపోవును. చుట్టును తడిసి మూతపడిన నేలలో, వాన తాకని పొడిమట్టి ఇంటి అడుగున నుండునదే. వాయువు అటు తిరుగుట కవకాశము కలదు. అందువలన వానకు ముందు వారము కొలిచిన యంకెయు, తరువాతి వారము కొలిచిన యంకెయు కలియవలెనను నియమము లేదు.

ఇక ఇంటి లోపల. కార్తికమునుండి పత్తితీతలు. మంచి ధర వచ్చువఱకు ఆగుదమని రైతులు పత్తిని ఇంటిలోనే, కొన్నిచోట్ల దూలములవఱకు, నింపి యుంచుదురు. మంచు తగులకుండను, నిప్పురవ్వ పడకుండను కిటికీలు బిగింతురు. ఆ మీదట మిరపకాయ కల్లములకు వచ్చును. తొడిమలు తీయు దినములలో ఘాటు లోనికి రాకుండ వీధివైపు తలుపులు మూయుదుము. చలికాలమున ఎటులును మూతలే. కనుకనే మన దేశమున ఇండ్లను ఋతువులవారీగా కొలిచినవారిలో పెక్కుమంది చలికాలమున హెచ్చుగను, వేసవిలో తక్కువగను కనుగొనిరి. వేసవి వచ్చినచో మన పెద్దలు మంచములు ఆరుబయట వేపచెట్టు క్రిందికి మార్చుకొందురు. అప్పుడు గదిలో ఎంత రేడాను ఉన్న నేమి, పీల్చువారు లేరు! అదే యింట కొడుకు కోడలు చల్లని గాలి యంత్రము పెట్టించుకొని, రాత్రియంతయు తలుపు సందులు కూడ మూసికొని పండుకొందురు. వారికి వేసవియే చలికాలము. ఒక్క కప్పు క్రింద ఒక్క ఏడాదిలో అత్తగారి సగటు వేఱు, కోడలి సగటు వేఱు. యంత్రము చెప్పునది గది సగటు. మనిషి సగటు కట్టుటకు ఆ మనిషి దినచర్య కూడ కావలెను.

ఇంటింటికి వచ్చి కొలతలు తీయువారు ఒక పత్రములో ప్రశ్నలు వ్రాసికొందురు: కిటికీలెన్ని, దినమున కెంతసేపు తెఱచి యుందురు, గచ్చు ఎట్టిది, గోడ లెట్టివి అని. ఈ ప్రశ్నలకు తఱచుగా వసారాలో కూర్చున్న యజమాని బదులు చెప్పును. "కిటికీలు ఎప్పుడును తెఱచియే యుండును" అనును. ఆ కిటికీకి అడ్డముగా ధాన్యపు బస్తాలు పెట్టి రెండేండ్లైనదని లోపలనున్న ఇల్లాలికే తెలియును. పత్రము నింపునప్పుడు సోదరీమణులు సంకోచింపక ముందుకు వచ్చి మాటాడవలెనని మా మనవి. ఇంటిలో హెచ్చుకాలము గడపువారు వారు. ఆ గాలిని హెచ్చుగా పీల్చువారును వారే.

ఏడాది సగటునకు దగ్గఱగా పోవలెనన్న, ఒక రాత్రి పెట్టి తీయు యంత్రము చాలదు. బొగ్గుపొడి నింపిన చిన్న డబ్బాలు కలవు. వానిని రెండుమూడు దినములు మొదలు వారమువఱకు ఉంచి ప్రయోగశాలకు పంపుదురు. బొగ్గు రేడానును పట్టుకొనును గాని, గాలిలోని తేమను కూడ పట్టుకొనును. తేమ చేరినకొలది రేడానుకు చోటు తగ్గును. బాపట్ల, చీరాల వైపు సముద్రపు గాలిలో దానిని నమ్ముటకు ముందు తేమ లెక్క సవరింపవలెను. పైగా అది చివరి దినములను బాగుగ గుర్తుంచుకొని, మొదటి దినములను మఱచును. మన దేశమున హెచ్చుగా వాడునది ఒక విధమగు సన్నని ఫిల్ము. దానిని చిన్న గిన్నెవంటి పెట్టెలో బిగించి, సుమారు మూడు నెలలు గదిలో వ్రేలాడదీయుదురు. రేడాను నశించునప్పుడు వెలువడు కణములు దానిపై కంటికి కానరాని గాట్లు పెట్టును. తరువాత కాస్టిక్ సోడా ద్రావకములో వెచ్చగా నుంచి, గాట్లు పెద్దవి కాగా లెక్కింతురు. విద్యుత్తు అక్కఱలేదు, చప్పుడు లేదు. ఇట్టివానిని ఋతువునకొకటి చొప్పున ఏడాది పొడుగున మార్చుచు వచ్చినచో సగటునకు ఆధారము దొరకును.

చప్పుడు లేకపోవుటయే దానికి చేటు. గుంటూరులోని మా యింట ఒకప్పుడు ఒక పరిశోధక విద్యార్థిని ఇట్టి పెట్టె నొకదానిని పడకగదిలో వ్రేలాడదీసి పోయెను. సంక్రాంతికి సున్నము వేయించునప్పుడు మా కోడలు దానిని జాగ్రత్తగా దింపి, తుడిచి, బీరువాలో చీరల నడుమ దాచెను. పండుగ, కనుమ, ముక్కనుమ, చుట్టములు. పన్నెండు దినములకు గాని ఎవరికిని గుర్తు రాలేదు. మఱల వ్రేలాడదీసి, ఏమియు జరుగనట్లు ఊరకుందమా యని ఒక్క క్షణము మాకును తోచినమాట నిజమే. విద్యార్థిని వచ్చినప్పుడు చెప్పివేసితిమి. ఆమె కోపపడక, పుస్తకములో ఆ పెట్టె యంకెకు ఎదురుగా ఒక గీత గీచి, క్రొత్తది తగిలించెను. ఎన్ని యిండ్లలో ఇట్లు చెప్పక ఊరకుందురో! బీరువా గాలి యెవరును పీల్చరు గదా; కాని ఆ గాట్లు లెక్కలోనికి పోవును.

పెట్టెను ఎచ్చట వ్రేలాడదీయవలె ననుటయు చిన్న సంగతి గాదు. రేడానుకు ఒక చెల్లెలు కలదు. దాని పేరు థోరాను. అది థోరియమునుండి పుట్టి, నిమిషము తిరుగకముందే సగము నశించును. అంత అల్పాయువు గనుక పుట్టినచోటినుండి ఎంతో దూరము పోలేదు. గోడదగ్గఱను నేలదగ్గఱను మాత్రమే దట్టముగా నుండి, గది నడుమకు వచ్చునప్పటికి పలుచబడును. మట్టిగోడల యిండ్లలో, గోడకు ఆనించి పెట్టిన పెట్టె ఈ థోరానును కూడ రేడానుతో గలిపి లెక్కించి, లేని పెద్ద యంకెను చూపుట కలదు. ఈ చిక్కు తీర్చుటకే భాభా అణుపరిశోధన కేంద్రమువారు రెండు గదుల పెట్టెను రూపొందించిరి. గాలి మొదటి గదిలోనికి వచ్చి, అచ్చటినుండి సూదిబెజ్జములవంటి రంధ్రములగుండ రెండవ గదికి పోవలెను. ఆ ఆలస్యములో థోరాను నశించిపోవును. రెండవ గదికి చేరునది రేడాను మాత్రమే. మా కిది చాల ముచ్చటైన యుపాయముగా తోచినది. అయినను పెట్టెను గోడకు దూరముగా, మనిషి ఊపిరి పీల్చు ఎత్తున, పంకాకును తలుపునకును ఎదురు కాకుండ తగిలించుట మేలు. మా సోదరి యింట యంత్రము నేలమీద నున్నదని పైని చెప్పితిమి గదా.

గాట్లు లెక్కించుటలో మఱియొక మెలిక యున్నది. పరమాణువులు గంటకొట్టినట్లు క్రమముగా నశింపవు; చినుకులు పళ్లెములో పడినట్లు తోచినప్పుడు పడును. 100 గాట్లు లెక్కకు వచ్చినచోట పది అటునిటు సహజము, అనగా నూటికి పది. 9 మాత్రమే వచ్చినచోట మూడు అటునిటు, అనగా మూడవ వంతు తేడా. గాలి బాగుగ ఆడు మన యిండ్లలో రేడాను సాధారణముగా తక్కువగనే యుండును. తక్కువగా నున్నచోటనే ఒక్కరాత్రి కొలత మఱింత నమ్మరానిదగును. చేతి యంత్రములు గంట గంటకు క్రొత్త యంకె చూపుచు మురిపించును గాని, ఆ గంటలో వానికి తగిలిన కణములు వ్రేళ్లమీద లెక్కింపదగినవి కావచ్చును. అట్టి యంత్రము చేతనున్నవారు దానిని నెలలతరబడి ఒక్కచోట నుంచి, అది చూపు దీర్ఘకాలపు సగటునే చూడవలెను.

ఒక యింటి సగటు ఇంత కష్టమైనచో ఊరి సగటు మాటేమి? ఒక యూహించిన లెక్క చెప్పెదము. పది యిండ్లలో తొమ్మిదింట 20 చొప్పున, ఒక్కయింట 320 ఉన్నదనుకొందము. సగటు 50. ఆ ఊర 50 ఉన్న యిల్లు ఒక్కటియు లేదు! ఆ పదవ యింటివారు కొలతలనాడు తాళము వేసికొని గుంటూరు మిర్చియార్డునకు పోయినచో, ఊరి సగటు 20 అని కాగితము మీది కెక్కును. ఇది ఉత్త యూహయే గాదు. 1984లో అమెరికా దేశపు పెన్సిల్వేనియాలో వాట్రసు అను ఇంజనీరు తాను పనిచేయు అణువిద్యుత్కేంద్రమునకు వచ్చినప్పుడు అచ్చటి హెచ్చరిక గంటలు మ్రోగినవి. విచారింపగా దోషము కేంద్రమునందు గాక అతని యింటియందు కనబడినది. ఆ యింట రేడాను సుమారు లక్ష బెకెరెళ్లు. ఊరి సగటు ఆ కుటుంబమునకు ఏమియు చెప్పియుండెడిది కాదు.

"కొలతలో కొంచెము తేడా వచ్చిన కొంప మునుగునా" అని మా వదినగారు ఆ మధ్య అడిగిరి. మునుగుననియే చెప్పవలెను. ఐరోపాలోని తొమ్మిది దేశములలో జరిగిన 13 పరిశోధనలను ఆక్సుఫర్డు పండితురాలు సారా డార్బీయు ఆమె సహచరులును ఒకచోట చేర్చి 2005లో ప్రకటించిరి. క్యాన్సరు వచ్చినవారు 7,148 మంది, రానివారు 14,208 మంది. ఇండ్లలో కొలిచిన అంకెలను ఉన్నవున్నట్లు తీసికొన్నచో, 100 బెకెరెళ్లు హెచ్చినకొలది క్యాన్సరు భయము నూటికి సుమారు 8 వంతులు పెరిగినట్లు తేలినది. కొలతలలోని అనిశ్చయమును సవరించి చూచినచో అది 16 అయినది. అపాయములో సగము కొలతల తప్పులలో దాగియుండెనన్నమాట. ఇది యెట్లనగా, ఆవకాయ జాడీలమీద ఉప్పెక్కువ, ఉప్పు తక్కువ అను చీటీలు కొన్ని తాఱుమాఱైనవనుకొనుడు. ఆ చీటీలనుబట్టి, తిన్నవారిలో ఎవరికి దాహము హెచ్చినదో విచారించినను, ఉప్పునకును దాహమునకును గల సంబంధము ఉన్నదానికంటె పలుచగానే కనబడును. ఉప్పు తన పని తాను చేయుచునే యుండును.

మన పల్నాటివారికి ఈ విచారణ మఱింత అవసరము. మాచర్ల వైపు కొప్పునూరు ప్రాంతమున యురేనియపు ఖనిజము కలదని ప్రభుత్వ అన్వేషకులు కనుగొనిరి. సాగరమున కావలి యొడ్డున, నల్లగొండ జిల్లాలోని లంబాపురము, పెద్దగట్టు ప్రాంతముల యిండ్లలో ఉస్మానియా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఫిల్ములు వ్రేలాడదీసి రేడానును థోరానును కొలిచి, ఆ ఫలితములను ప్రకటించిరి. గని త్రవ్వకముందే ఉన్న స్థితిని కొలిచి యుంచుట వారి యుద్దేశము. ఏనాడైన గని వచ్చినచో, "మా యింటి గాలి చెడినది" అను ప్రజల మాటకైనను, "చెడలేదు" అను కంపెనీ మాటకైనను ఆ పాత కొలతయే సాక్షి. ఆ సాక్షి ఒక్కరాత్రి చూచి చెప్పినదైనచో న్యాయము ఎటు తూగునో!

చీమకుర్తి నల్లరాతి అరుగు వంటింట వేయించుకొన్నాము, భయమా యని ఇద్దఱు ముగ్గురు అడిగియున్నారు. వర్తకులు దానిని గ్రానైటు అన్నను, భూగర్భ శాస్త్రజ్ఞుల వర్గీకరణలో అది గాబ్రో జాతి రాయి. నిజమైన గ్రానైటుతో పోల్చిన ఆ జాతి రాళ్లలో యురేనియము తక్కువ. వంటింటి అరుగుకంటె కాలి క్రింది నేలయే మనము చూచుకొనవలసినది.

నరసరావుపేట సోదరికి మా బదులు ఇది. అత్తగారిని నేడే లోపలికి రప్పింపుడు. రేడాను ఏండ్లమీద చేయు కీడునకు భయపడి, చలి ఒక్క వారములో చేయు కీడును తెచ్చుకొనరాదు. ఆమె గదికి ఎదురెదురుగా నున్న కిటికీలను పగటివేళ తెఱచి యుంచుడు. పత్తి గదికిని ఆమె గదికిని నడుమ గచ్చు పగిలియున్నచో సిమెంటుతో పూడ్పింపుడు. ఇందుకు ఏ కొలతయు అక్కఱలేదు. విశ్వవిద్యాలయముల భౌతికశాస్త్ర విభాగములలో ఈ ఫిల్ములతో పనిచేయువారు కలరు. వారికి జాబు వ్రాసి రెండు పెట్టెలు తెప్పించుకొనుడు. ఒకటి అత్తగారి మంచము దగ్గఱ, గోడకు మూరెడు దూరమున. రెండవది మీరు పండుకొను గదిలో. పెట్టిన దినము, పత్తి అమ్మిన దినము, ఆమె మంచము బయటికి మార్చిన దినము పంచాంగము అంచున వ్రాసి యుంచుడు. మూడు నెలలకు వానిని పంపి, వానాకాలమునకు మఱి రెండు పెట్టుడు. రెండు కాలముల సగటు కూడ హద్దు మీఱినచో, అప్పుడు నేల అడుగున గొట్టము వేసి, వాయువును పంకాతో ఇంటి వెలుపలికి లాగివేయు పద్ధతి యొకటి కలదు. దాని వివరములు మాకు వ్రాసినచో పంపెదము. అప్పటికిని ఇల్లు విడువవలసిన పని యుండదు.

మా యింటి పెట్టె ఈ యేడు మఱల వ్రేలాడుచున్నది. ఈసారి దానికి ఎఱ్ఱని త్రాడు కట్టి, "బీరువాలో పెట్టరాదు" అని చీటీ తగిలించితిమి. చీటీ వ్రాసినది మా కోడలే.